గూగుల్ క్లాస్‌రూమ్: కాలేజీ లెక్చరర్‌కు ఎంతవరకు పనికొస్తుంది?

పాఠాలు, అసైన్‌మెంట్లు, మార్కులు ఒకే చోట నడిపే గూగుల్ క్లాస్‌రూమ్ 2014లో వచ్చింది. ఇన్నేళ్లయినా చాలా కాలేజీల్లో దీన్ని నోట్సు పడేసే చోటుగానే వాడుతున్నారు. ఆ పనికి వాట్సాప్ గ్రూపు చాలు. అరవై మంది రాసింది తీసుకుని, దిద్ది, ఎవరి తప్పు వాళ్లకు చెప్పి వెనక్కివ్వడంలో ఉంది దీని సత్తా. ఎదురుగా ఉంటే ముఖాలు చూసి అర్థమైందో లేదో పసిగట్టవచ్చు. ఆన్‌లైన్‌లో ఆ సంగతి చెప్పేది విద్యార్థి రాసి పంపిన జవాబే.

పాఠాలు, అసైన్‌మెంట్లు స్ట్రీమ్‌లో (ప్రకటనలు వరసగా కనపడే మొదటి పేజీ) పెట్టకండి. కొత్త పోస్టు వచ్చేకొద్దీ పాతది అడుగుకు పోతుంది. క్లాస్‌వర్క్ అనే పేజీలో యూనిట్‌కొక టాపిక్ తెరిచి, అందులో నోట్సు, పది నిమిషాల లోపు వీడియో, ఐదు ప్రశ్నల క్విజ్, అసైన్‌మెంట్ ఈ వరసలోనే ఉంచండి. డేటా చాలని వాళ్ల కోసం బోర్డు మీది మెట్లన్నీ ఉన్న పీడీఎఫ్ కూడా జత చేయాలి.

ఎక్కువ గందరగోళం వచ్చేది అసైన్‌మెంట్‌కు గూగుల్ డాక్ జతచేసేటప్పుడు. మూడు ఎంపికలుంటాయి. 'చూడగలరు' అని వదిలేస్తే ఎవరూ అందులో రాయలేరు. 'మార్చగలరు' అంటే అందరూ ఒకే ఫైలులో రాసి ఒకరిది ఒకరు చెరిపేస్తారు. 'ఒక్కొక్కరికీ ఒక కాపీ' అన్నదే కావాలి, అదీ పోస్టు చేయకముందే. తర్వాత మార్చడం కుదరదు. గడువు తేదీ పెట్టి సమయం ఇవ్వకపోతే రాత్రి 11:59 పడుతుంది. సాయంత్రం 6 గంటలని పెడితే ఫైలు ఎక్కడం లేదన్న విద్యార్థికి మీరు మెలకువగా ఉన్నప్పుడే జవాబు చెప్పగలరు.

చేత్తో రాసిన లెక్కలైతే ఎనిమిది ఫొటోలు విడివిడిగా పంపుతారు, సగం అడ్డంగా ఉంటాయి. ఫోన్‌లో డ్రైవ్ యాప్ స్కాన్‌తో అన్ని పేజీలూ ఒకే పీడీఎఫ్‌గా చేసి, ఫైలు పేరులో హాల్ టికెట్ నంబరు పెట్టమనండి. అన్నయ్య జీమెయిల్‌తో చేరినవాళ్లను గుర్తుపట్టడానికి వేరే దారి లేదు.

దిద్దే చోట ఇది నిజంగా బాగుంటుంది. 'యూనిట్లు రాయలేదు', 'రెండో మెట్టులో గుర్తు తప్పింది' లాంటి మాటలను కామెంట్ బ్యాంకులో దాచుకుంటే మళ్లీ మళ్లీ టైపు చేయక్కర్లేదు. రూబ్రిక్ (దేనికెన్ని మార్కులో చెప్పే పట్టిక) కూడా ముందే సిద్ధం చేసుకోండి, దిద్దడం మొదలయ్యాక దాన్ని మార్చనివ్వదు. మార్కు వేస్తే సరిపోదు, 'రిటర్న్' నొక్కేదాకా అది డ్రాఫ్టే, విద్యార్థికి కనపడదు. మార్కులు రాలేదన్న ఫిర్యాదు వస్తే ముందు అది నొక్కారో లేదో చూసుకోండి.

క్విజ్‌లు మాత్రం బలహీనం. క్విజ్ తయారుచేసే గూగుల్ ఫారమ్స్ నుంచి మార్కులు తెచ్చుకోవాలంటే అసైన్‌మెంట్‌కు ఆ ఒక్క ఫారమే జతై ఉండాలి, ఈమెయిల్ సేకరించాలి, మనిషికి ఒకే జవాబు అని పెట్టాలి, అందరూ ఒకే సంస్థ డొమైన్‌లో (కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ ఖాతాలతో) ఉండాలి. ఒక్కొక్కరికి వేర్వేరు అంకెలతో లెక్క ఇవ్వాలంటే మూడిల్ అనే ఉచిత బోధనా సాఫ్ట్‌వేర్ మేలు. అయితే దానికి సర్వర్ చూసుకునే మనిషి కావాలి.

ఇక గూగుల్ వీడియో కాల్ మీట్ సంగతి. సొంత ఉచిత ఖాతాతో ముగ్గురు లేదా అంతకు మించి ఉంటే 60 నిమిషాలకే కాల్ ఆగుతుంది. రికార్డింగ్, బ్రేక్అవుట్ గదులు (క్లాసును చిన్న గుంపులుగా విడదీసేవి), హాజరు నివేదిక విద్యాసంస్థల ఉచిత ఎడిషన్‌లో కూడా లేవు. ఆ గంటంతా ఉపన్యాసం ఇవ్వకుండా పదిహేను నిమిషాలు చెప్పి ఒక ప్రశ్న వేయండి. జవాబు చాట్‌లో టైపు చేసి ఉంచుకుని, మీరు చెప్పాకే అందరూ ఒకేసారి పంపాలి. లేకపోతే ముందొచ్చిన జవాబునే మిగతావాళ్లూ కొట్టి పంపుతారు, ఎవరికి రాలేదో మీకు తెలియదు.

సంస్థ డొమైన్ ఖాతాలున్న కాలేజీకి ఐదుకు నాలుగు ఇవ్వవచ్చు. సొంత జీమెయిళ్లతో నడిపితే మూడే. సెమిస్టర్ అయ్యాక క్లాసును ఆర్కైవ్ చేసేముందు (మూసి దాచేముందు) గ్రేడ్స్‌ను షీట్‌లోకి దించి కాలేజీ డ్రైవ్‌లో పెట్టండి, ఇంటర్నల్ మార్కుల మీద ప్రశ్న వచ్చినప్పుడు వెతుక్కునే పని ఉండదు.