లేత బూడిదా, మీగడ రంగా: ఒకే హాల్లో రెండూ వాడి చూశాక

చెన్నై వేళచ్చేరిలో మా హాలుకు రెండు రంగులు. కిటికీకి ఎదురు గోడ, బాత్రూమును ఆనుకున్న గోడ లేత బూడిద. మిగతా రెండూ మీగడ రంగు. పుట్టీ, ప్రైమర్, మ్యాట్ ఎమల్షన్ (మెరుపు లేని పెయింటు) అన్నీ ఒకటే రకం, పెయింటర్ కూడా ఒకడే. కాబట్టి కొన్నేళ్లుగా చూస్తున్న తేడా అంతా రంగుది, వెలుతురుది.

హాలుకున్న ఒక్క కిటికీ ఉత్తరం వైపు. ఏడాదిలో ఎక్కువ నెలలు నేరుగా ఎండ పడదు, ఆకాశం వెలుతురే లోపలికొస్తుంది. అందులో నీలం ఛాయ ఎక్కువ. దాంతో షేడ్ కార్డులో హుందాగా కనబడిన బూడిద గోడెక్కాక కాస్త నీలంగా తేలింది. నవంబరు ముసురులో మధ్యాహ్నం మూడింటికే లైటు వేయాలనిపిస్తుంది. కానీ ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు చెన్నైకి ఉత్తరంగా ఉంటాడు. ఆ నెలల్లో పొద్దున, సాయంత్రం ఆ కిటికీలోంచి ఎండ పడుతుంది. అప్పుడు చూడాలి బూడిద గోడని, కంటికి ఎంత హాయో! మీగడ గోడలు మాత్రం పసుపెక్కి చికాకు పెడతాయి.

రాత్రిళ్లు పేచీ లైట్లతో. లైటు వెలుతురు రంగుని కెల్విన్లలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపు వైపు వెళ్తుంది. 6500 కెల్విన్ ట్యూబ్ కింద బూడిద ఆసుపత్రి గోడలా ఉండేది. 3000 వేస్తే అది సర్దుకుంది గానీ మీగడ మరీ పసుపెక్కింది. 4000 పెట్టాక రెండూ కుదిరాయి. మళ్లీ పెయింటు వేయించడం కన్నా ఇదెంతో చవక.

స్విచ్‌బోర్డు చుట్టూ వేలిముద్రలు, సోఫా వెనక తలనూనె మరక మీగడ మీద తొందరగా తెలుస్తాయి. అలాగని బూడిదకి మార్కులేసేయకండి. మ్యాట్ గోడని గట్టిగా రుద్దితే అక్కడ నిగనిగలాడే మచ్చ పడుతుంది, అది బూడిద మీదే బాగా కనబడుతుంది. మిగిలిన డబ్బాతో టచప్ చేసినా అంతే: మీగడలో కలిసిపోతుంది, బూడిదలో అతుకు తెలుస్తుంది. అన్నిటికన్నా విసుగు ఉప్పు. బాత్రూము వైపు చెమ్మ దిగి, గోడ ఉబ్బి, తెల్లటి పొడి రాలుతుంది. చెమ్మ వచ్చే దారి మూయకుండా పైన ఎన్ని పూతలు పూసినా దండగే. మీగడ అయితే ఆ తెలుపు కొంతన్నా దాగేది.

వచ్చేసారి ఆ గోడ మీగడకే. కిటికీ ఎదురు గోడకి మాత్రం బూడిదే ఉంచుతాను, ఇంట్లో వాళ్లు ఇంకా ఒప్పుకోలేదు గానీ.