కారు పాలసీ గడువు దాటిందా? "బోనస్ ఎక్కడికీ పోదండి" అంటే నమ్మకండి

పాలకొల్లు, నరసాపురం, రాజోలు వైపు కారున్నవాళ్లు, ముఖ్యంగా పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లొచ్చే పెద్దవాళ్లు ఇది తప్పకుండా చదవండి. మా బాబాయిగారికి జరిగింది ఇంకెవరికీ జరగకూడదు.

బాబాయిగారూ పిన్నీ తమ కూతురి పురిటికి అమెరికా వెళ్లారు. కారు షెడ్డులోనే ఉంది. వాళ్లు అక్కడుండగా ఇన్సూరెన్స్ గడువు ముగిసింది. బాబాయిగారు ముందే ఏజెంటుకి ఫోన్ చేసి అడిగారు కూడా. "బండి బయటికి తియ్యరు కదండీ, ఇప్పుడెందుకు డబ్బులు దండగ? వచ్చాక కట్టుకోవచ్చు. నో క్లెయిమ్ బోనస్ మూడేళ్ల దాకా ఎక్కడికీ పోదండి" అన్నాడు. నో క్లెయిమ్ బోనస్ అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. ఏళ్ల తరబడి ఒక్క క్లెయిమూ చెయ్యక 50 శాతానికి చేరిన బోనస్ అది.

ఆ మాట పచ్చి అబద్ధం. అదే కారుకి బోనస్ నిలవాలంటే గడువు ముగిసిన 90 రోజుల్లోపు రెన్యువల్ చేయించాలి. దాటితే సున్నా. మళ్లీ 20, 25, 35, 45 అంటూ ఎక్కుతూ ఐదేళ్లకి గానీ 50 రాదు. మూడేళ్ల మాట వేరే సంగతి. కారు అమ్మేసినప్పుడు కంపెనీ నుంచి బోనస్ లెటర్ తీసుకుంటే, మూడేళ్లలోపు మన పేరు మీద కొనే ఇంకో కారుకి అది వాడుకోవచ్చు. షెడ్డులో పెట్టిన బండికి అది వర్తించదు.

అంతటితో అయిపోతే ఏవో కొన్ని వేలు పోయాయనుకునేవాళ్లం. వాళ్లు తిరిగొచ్చేసరికి గడువు దాటి నాలుగు నెలలు. ఏజెంటు ఒక కుర్రాణ్ణి పంపాడు. అతను కారు చుట్టూ ఫొటోలు, ఛాసిస్ నంబరు తీసుకుని వెళ్లాడు. పాలసీ దరఖాస్తు (ప్రపోజల్ ఫారం) చూపించలేదు, బాబాయిగారి ఫోన్‌కి వచ్చిన ఓటీపీ మాత్రం అడిగి తీసుకున్నారు. సాయంత్రానికి 50 శాతం బోనస్‌తో పాలసీ వచ్చేసింది.

తర్వాత కాలవ గట్టు రోడ్డు మీద గేదె అడ్డొస్తే తప్పించబోయి వంతెన పిట్టగోడని గుద్దారు. మనుషులకి ఏమీ కాలేదు, అదే పదివేలు. బంపరు, రేడియేటరు, హెడ్‌లైటు పోయాయి. క్లెయిమ్ పెడితే కంపెనీ పాత పాలసీ అడిగింది. అప్పుడు బయటపడింది: కొత్త పాలసీలో పాత పాలసీ అసలు తేదీ కన్నా రెండు నెలలు ఆలస్యంగా ముగిసినట్టు, అంటే 90 రోజులు దాటనట్టు రాశారు. బోనస్ గురించి ఇచ్చిన డిక్లరేషన్ తప్పని తేలితే సొంత బండి డ్యామేజీకి ఏమీ రాదని ప్రపోజల్ ఫారంలోనే షరతు ఉంటుంది. క్లెయిమ్ తిరస్కరించారు. బిల్లు మొత్తం బాబాయిగారే కట్టుకున్నారు. పెద్దాయన నమ్మకాన్ని ఇలా వాడుకున్నందుకు నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతోంది.

ఇంకో సంగతి. ఆ 90 రోజులు బోనస్‌కే, రక్షణకి కాదు. ఈలోగా బండి రోడ్డెక్కి ఏం జరిగినా ఖర్చు మనదే. థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్) లేకుండా పట్టుబడితే మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా వెయ్యొచ్చు. 2018 సెప్టెంబరు నుంచి కొన్న కొత్త కార్లకి థర్డ్ పార్టీ మూడేళ్లకి ఇస్తున్నారు. ఆ మూడేళ్ల గడువు చూసుకుని ఇన్సూరెన్స్ ఉందిలే అనుకోకండి. సొంత డ్యామేజీ భాగం ఏడాదికే అయిపోవచ్చు, బోనస్ దానిమీదే నడుస్తుంది. సెకండ్ హ్యాండ్ కారు అమ్మేవాళ్లు "బండికి 50 శాతం బోనస్ ఉంది" అన్నా లెక్కలోకి తీసుకోకండి. బోనస్ మనిషిది, బండితో రాదు.

మేము ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. న్యాయం జరగకపోతే ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ వారి ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసా ఉంది, 155255కి ఫోన్ చెయ్యొచ్చు. ఆపైన హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ తగాదాలు తీర్చే అంబుడ్స్‌మన్ ఉన్నారు, మన జిల్లాలూ యానామూ ఆ ఆఫీసు కిందికే వస్తాయి, ఫీజు ఉండదు.

మీ పాలసీ కాగితం ఈరోజే తీసి, పాత పాలసీ ముగిసిన తేదీ, బోనస్ శాతం రెండూ సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే క్లెయిమ్ అవసరం పడకముందే ఏజెంటుతో పని లేకుండా నేరుగా కంపెనీకి ఈమెయిల్ పెట్టి, మిగతా ప్రీమియం కట్టి సరిచేయించుకోండి.