మందపాటి మెత్త ఉన్న ట్రెయిల్ షూ: 720 కిలోమీటర్ల తర్వాత

కొండ, అడవి బాటల మీద పరుగెత్తడానికి వాడే ఈ జత కొని ఎనిమిది నెలలైంది. ఇప్పటికి 720 కిలోమీటర్లు పరుగెత్తాను. మొదటి వారంలో సమీక్ష రాసి ఉంటే ఆకాశానికెత్తేదాన్ని, కాలు బెణికిన వారంలో రాసి ఉంటే ఎవరినీ కొనవద్దనేదాన్ని. అందుకే ఇంతకాలం ఆగాను.

కొలతలు ముందుగా చెప్పేస్తాను. మడమ కింద మందం 36 మిల్లీమీటర్లు, వేళ్ల కింద 31. అడుగున రబ్బరు బొడిపెల ఎత్తు 4 మిల్లీమీటర్లు. వంటింటి త్రాసులో పెట్టి తూచితే ఒక్కో షూ 305 గ్రాములు తూగింది.

షూ అడుగున ఇంత మందపు అట్టలకు దారి చూపినవాళ్లు 2009లో ఫ్రాన్స్‌లో హోకా అనే షూ సంస్థను మొదలుపెట్టిన ఇద్దరు. కొండ మీది నుంచి వేగంగా దిగడానికి ఏం కావాలన్నదే వాళ్ల ఆలోచన. నాది వేరే సంస్థ జతే అయినా, దిగుడు కోసం పుట్టిన ఊహ కాబట్టి నా పరీక్షను కూడా దిగుడు మీదే మొదలుపెట్టాను. పిడికిలంత రాళ్లు పరచుకున్న 6 కిలోమీటర్ల వాలు అది. పాత పలుచటి జతతో అక్కడ దిగిన ప్రతిసారీ రెండో రోజుకు తొడలు పట్టేసేవి, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవలసి వచ్చేది. వాలులో కాలు వేసిన ప్రతిసారీ తొడ కండరం సాగుతూనే బరువును ఆపాలి, ఆ నొప్పి ఒకటి రెండు రోజులు ఆలస్యంగా బయటపడుతుంది. ఈ జతతో నొప్పి పూర్తిగా పోలేదు కానీ మెట్లు మామూలుగా దిగగలిగాను. మొనదేలిన రాయి మీద కాలు పడ్డా అరికాలికి గుచ్చుకోలేదు, లోపల ఏదో ఒత్తినట్టు మాత్రమే తెలిసింది.

చిక్కు కూడా అక్కడే ఉంది. రాయి గుచ్చుకోకపోతే రాయి ఉందనే సంగతి కూడా కాలికి ఆలస్యంగానే తెలుస్తుంది. మూడో నెలలో, ఒక పక్కకు వాలిన బాట మీద పరుగెత్తుతున్నాను. రాలిన ఆకుల కింద ఒక వేరు ఉంది. ముందు అట్ట ఒరిగింది, దాని వెంట చీలమండ ఒరిగింది. నేలకు దగ్గరగా ఉండే షూలో అయితే కాలు తనంతట తాను సర్దుకునేదని నా నమ్మకం, ఎందుకంటే అదే బాట మీద పాత జతతో రెండేళ్లు పరుగెత్తాను. ఎత్తు పెరిగేకొద్దీ ఒరిగే బలం కూడా పెరుగుతుంది. మెత్త ఎంత ఉందని అడిగేవాళ్లే ఎక్కువ. అట్ట వెడల్పు ఎంత అని అడగడం అంతకంటే ముఖ్యమని నాకు ఆ రోజు తెలిసింది.

ఆ తర్వాత లేసు కట్టే పద్ధతి మార్చాను. లేసు కొసను అదే వైపున్న చివరి రంధ్రంలోకే దూర్చి రెండు వైపులా చిన్న ఉంగరంలా వదలాలి. కుడి లేసును ఎడమ ఉంగరంలోంచి, ఎడమ లేసును కుడి ఉంగరంలోంచి లాగి బిగించాలి. మడమ కదలడం ఆగింది, దిగుడులో బొటనవేలు ముందుకు కొట్టుకోవడం కూడా తగ్గింది. మందపు షూ వాడేవాళ్లు మొదటి రోజు నుంచే ఇలా కట్టుకోవాలని గట్టిగా చెబుతాను.

తడి రాయి మీద పట్టు బాగుంది. నున్నటి బండ మీద బొడిపెల ఎత్తుతో పని లేదు, రబ్బరు ఎంత మెత్తన, ఎంత భాగం రాయిని ఆనుతుంది అన్నదే లెక్క. పాకుడు పట్టిన రాయి మీద మాత్రం ఈ రబ్బరు కూడా జారింది, అలాంటి చోట నడిచి దాటడమే మంచిది. బంకమట్టి బురదలో 4 మిల్లీమీటర్లు చాలవు. బొడిపెల మధ్య సందులు మూసుకుపోయి, పది అడుగులు వేసేసరికి కాళ్లకు ఇటుకలు కట్టినట్టయింది. వాగు దాటి తూచి చూస్తే ఒక్కో షూ 390 గ్రాములకు చేరింది. పైనున్న జాలీ నీటిని వదిలేస్తుంది కానీ, లేసుల కింద ఉండే నాలుకలో కుట్టిన మెత్త వదలదు. తారు రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. చలి తెల్లవారుజామున మాత్రం అట్టలోని మెత్త, అంటే ఫోమ్, బిగుసుకుని, మొదటి రెండు కిలోమీటర్లు వేరే షూ వేసుకున్నట్టుంటుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది చివరి దశ. 550 కిలోమీటర్లు దాటాక మోకాళ్లు సలపడం మొదలైంది. అడుగు తిప్పి చూస్తే బొడిపెలు ఇంకా 3 మిల్లీమీటర్లు ఉన్నాయి, చూసినవాళ్లెవరైనా కొత్తదే అంటారు. ఒక సాయంత్రం షూను కిటికీ దగ్గర పెట్టి పక్క నుంచి చూశాను. మడమ బయటి వైపు ఫోమ్ మీద మూడు అడ్డ ముడతలు, కాగితం మడిచినట్టు సన్నగా ఉన్నాయి. బొటనవేలితో అక్కడ నొక్కితే గుంట పడి నెమ్మదిగా లేచింది. కాలి వంపు దగ్గర నొక్కితే వెంటనే ఎగిరింది. ఫోమ్‌లోని సన్నటి గాలి బుడగలు దెబ్బ తిని తిని అణిగిపోతే జరిగేది ఇదే. రబ్బరు మిగిలింది, మెత్త అయిపోయింది. ఇలాంటి షూ ఆయువును అడుగున కాకుండా పక్కన చూడాలి.

పొడవాటి రాళ్ల దిగుళ్లు, ఎండిన మట్టి బాటలు మీ దారి అయితే ఈ తరహా షూ తీసుకోండి. బురద, చెట్ల వేళ్లు, పక్కకు వాలిన సన్నటి బాటలే ఎక్కువైతే వద్దు. నేను మళ్లీ మందపాటిదే కొంటాను, కానీ ఈసారి అడుగు వెడల్పు కొలిచాకే. ప్రస్తుతం ఈ జతను చదునైన బాటల మీద 8 కిలోమీటర్లకు మించకుండా వాడుతున్నాను. నాలుక లోపలి వైపు కొన్న తేదీ మాత్రమే రాసుకున్నాను. వచ్చే జతకు ప్రతి 100 కిలోమీటర్లకూ ఒక గీత గీసి, ఆ రోజే పక్క ముడతలు కూడా చూస్తాను.