120 పట్టీల పెన్సిల్ కేసు: గట్టుప్పల్ ఎండలో నాలుగు నెలలు

మా ఇంట్లో రంగు పెన్సిళ్లు 137 ఉన్నాయని ఈ కేసు వచ్చిన రోజే తెలిసింది. అప్పటిదాకా అవి రెండు బిస్కెట్ డబ్బాల్లో, ఒక పాత సీసాలో, గ్రాఫు కాగితాల కట్ట కింద, పాప స్కూలు సంచిలో తలా ఒకచోట ఉండేవి. నేను ఇక్కత్ చీరలకు డిజైన్లు గీస్తాను. గ్రాఫు కాగితం మీద గడిగడికీ రంగు నింపి ఇస్తే, దాన్ని చూసి మావాళ్లు పోగులకు చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట బిగించి కట్టి, రంగు వేస్తారు. నా చేతిలో పెన్సిల్ తప్పితే అక్కడ రంగు తొట్టి తప్పుతుంది.

కిందటి దసరా ముందు అదే జరిగింది. తెల్లవారకముందే ట్యూబులైటు కింద ఒక పూల వరుసకు దానిమ్మ ఎరుపు నింపడం మొదలుపెట్టాను. టీ తాగి వచ్చి, అదే అనుకుని పక్కనున్న ముక్కతో మిగతాది పూర్తిచేశాను. మధ్యాహ్నం మా మామయ్య ఆ గ్రాఫును వాకిట్లోకి తీసుకెళ్లి ఎండలో పట్టుకుని చూశారు. "ఏమ్మా, ఒక్క పువ్వుకు రెండు ఎరుపులు పెట్టావు. రెండు తొట్లు కలపమంటావా?" అన్నారు. వెక్కిరించి ఉంటే ఊరుకునేదాన్ని. ఆయన నిజంగానే అడిగారు.

అందుకే మార్చిలో ఆన్‌లైన్‌లో 849 రూపాయలు పెట్టి ఈ కేసు తెప్పించాను. పైన మందపాటి గుడ్డ, చుట్టూ జిప్పు, లోపల పుస్తకం పేజీల్లా తిప్పే ఐదు ఆకులు. ఆకుకు 24 ఎలాస్టిక్ పట్టీలు. జిప్పు మూలమలుపు దగ్గర కూడా ఆగకుండా తిరుగుతుంది. తెరిచి గ్రాఫు పక్కన పరిస్తే 48 పెన్సిళ్లు ఒకేసారి కళ్ల ముందుంటాయి. డబ్బాలో చెయ్యి పెట్టి గలగలలాడించే పని పోయింది. ఇంతవరకూ నాకు పైసా వసూలే.

దీనితోపాటు 1 నుంచి 120 దాకా అంకెలున్న స్టిక్కర్ల కాగితం ఇచ్చారు. అది మాత్రం దండగ. ఏప్రిల్ మధ్యకల్లా రేకుల కింద వేడికి జిగురు కరిగి, స్టిక్కర్లు జారి ఒకదానికొకటి అంటుకున్నాయి. మే నెలలో నల్లగొండ జిల్లా ఎండ ఎంతుంటుందో ఆ స్టిక్కరు చేసినవాళ్లకు తెలియదు పాపం. పైగా ఉత్త అంకె నాకేం చెబుతుంది? 37 అంటే ఏ రంగో గుర్తుపెట్టుకోవడానికి మళ్లీ ఇంకో పట్టిక కావాలి.

పెన్సిల్ మీద అచ్చేసిన పేరును నమ్ముకోవడం కూడా కష్టమే. మా ఆడపడుచు కూతురు ఫేబర్ కాస్టెల్ వాళ్ల పాలీక్రోమోస్ 36 రంగుల పెట్టె తెచ్చిచ్చింది. మంచి పెన్సిళ్లు, ప్రతిదాని మీదా నంబరు ఉంటుంది. వాటిలో 192 మీద ఇండియన్ రెడ్ అని చూసి, మన చీరల ఎరుపే అనుకుని సంబరపడ్డాను. గీసి చూస్తే ఇటుక పొడి! ఇనుప తుప్పు జాతి రంగుకు పాతకాలం నుంచి ఉన్న పేరట అది. మామూలు పెన్సిళ్లతో ఇంకో తంటా: పైపూత ఒక రంగు, లోపలి లెడ్డు ఇంకో రంగు. పేరున్న చివరనే పొరపాటున చెక్కితే ఆ పేరూ పోతుంది. మా పాప అలా తొమ్మిదింటిని అనాథలను చేసింది.

చివరికి లేబుల్ మా ఇంట్లోనే దొరికింది. రంగు వేశాక మిగిలే పోగులు నా దగ్గర ఒక సంచినిండా ఉన్నాయి. ప్రతి పెన్సిల్‌తో గ్రాఫు కాగితం మీద నాలుగు గడులు నింపి, పొద్దున పది గంటల వెలుతురులో పోగుల పక్కన పెట్టి జత కుదిర్చాను. కుదిరిన పోగును పెన్సిల్ తోక దగ్గర నాలుగు చుట్లు చుట్టి ముడివేశాను. మొదట పట్టుపోగు చుట్టాను, నున్నగా జారిపోయింది. నూలుపోగు మాత్రం గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు పెన్సిల్ చూస్తే పేరు కాదు, తొట్టిలోంచి వచ్చే రంగే కనబడుతుంది. మామయ్య కూడా అడగడం మానేసి, నేరుగా తోక చూస్తున్నారు.

వరుస కూడా మార్చాను. కొన్నవాళ్లంతా ఇంద్రధనుస్సులా పేర్చి ఫొటోలు పెడుతున్నారు, చూడటానికి బాగానే ఉంటుంది. మా పనిలో లేత రంగు ముందు, ముదురు తర్వాత. తెల్లగా ఉండాల్సినచోట కట్టి పసుపులో ముంచుతారు, పసుపు నిలవాల్సినచోట మళ్లీ కట్టి ఎరుపులో ముంచుతారు, నలుపు చివర. నా ఆకులూ అదే వరుసలో ఉన్నాయి. పుట్టపాకలో నేసే తేలియా రుమాలు అనే ఇక్కత్ గుడ్డకు డిజైన్ గీసేవాళ్లకైతే ఈ కేసే అక్కర్లేదు. ఒక ఎరుపు, ఒక నలుపు ఉంటే చాలు, తెలుపు కాగితమే ఇస్తుంది.

ఇక పట్టీల సంగతి. సన్న పెన్సిళ్లకు సరిగ్గా సరిపోతాయి. పాలీక్రోమోస్ లాంటి లావువాటిని దూర్చాలంటే గోళ్లు నొప్పెడతాయి, లాగేటప్పుడు పోగు చుట్టు జరగకుండా చూసుకోవాలి. వేలెడంత ముక్కలు మాత్రం కేసు నిలబెట్టగానే కిందికి జారి అడుగున చేరుతాయి. చిటికి కట్టడానికి సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు ముక్కలు మా ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి కాబట్టి, ముక్క నడుముకు ఒకటి చుట్టాను. ఇప్పుడు కదలవు. రబ్బరు లేనివాళ్లు ముక్కలకు వేరే డబ్బా చూసుకోవడం మంచిది.

ఉన్న రంగే మళ్లీ వచ్చినవి 31 తేలితే పాపకు ఇచ్చేశాను. కేసులో 106 మిగిలాయి, 14 పట్టీలు ఖాళీ. వాటిలో రెండింటిని మామయ్య ఆక్రమించారు: ఒకదాంట్లో ఆయన బాల్ పెన్ను, ఇంకోదాంట్లో చెవిపుల్ల. నిండా బరువెక్కిన కేసును చండూరు బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లడం మాత్రం నా వల్ల కాదు. బయటి పనికి 48 పట్టీలది ఇంకోటి కొంటాను, ఈసారి స్టిక్కర్లు లేనిది.