అద్దె రిటర్న్ టికెట్: కొన్నేళ్ళు వాడినాక నా మాట

విజిటర్‌గా వన్‌వేలో పోయేవాళ్ళకు, కౌంటర్లో అడిగితే చూపించుకోవడానికి మాత్రమే రిటర్న్ టికెట్ "అద్దెకు" ఇచ్చే వెబ్‌సైట్ల గురించి ఈపాటికి అందరికీ తెలుసు, అవెలా బుక్ చేయాలో చెప్పి విసిగించను. నేను వాడిన దాని మీద నా కోపమంతా ఒక్కదాని గురించే. టికెట్ అని డబ్బు తీసుకుని, చేతిలో పెట్టేది ఒట్టి పీఎన్ఆర్, అంటే బుకింగ్ నంబర్.

మా అక్కవాళ్ళు కౌలాలంపూర్‌లో ఉంటారు. పోతే ఎన్నాళ్ళుంటానో ముందు చెప్పలేను, అంతా బావ డ్యూటీని బట్టి, పిల్లల పరీక్షలను బట్టి. 2023 డిసెంబర్ నుంచి మలేసియా మనవాళ్ళను 30 రోజుల దాకా వీసా లేకుండానే రానిస్తోంది, కానీ తిరుగు టికెట్ ఉండాలంటుంది. ఆ తేదీల తలనొప్పికి వెయ్యి పైచిలుకు రూపాయల అద్దె టికెట్‌తో మందు దొరికినట్టనిపించింది. ప్రొద్దుటూరులో అడిగినవాళ్ళందరికీ ఈ సైట్ పేరే చెప్పేవాణ్ణి.

తిరుగు టికెట్ అడుగుతారంటే మా ఊళ్ళో చాలామంది నమ్మరు. "మావాడు కువైట్‌కు వన్‌వేలోనే పాయె, ఎవరూ అడగల్యా" అంటారు. నిజమే. పని వీసా ఉన్నోణ్ణి ఎప్పుడు తిరిగొస్తావని ఎవరడుగుతారు? అడిగేది చూసి రావడానికి పోయే మనలాంటి వాళ్ళనే. అదీ చాలాసార్లు ఆ దేశం వాళ్ళ కంటే ముందు ఇక్కడి చెకిన్ కౌంటర్లోనే. అక్కడ దింపాక లోపలికి రానివ్వకపోతే వెనక్కి తీసుకురావాల్సింది విమాన సంస్థే, కొన్ని దేశాలు జరిమానా కూడా వేస్తాయి. అందుకే కౌంటర్లో వాళ్ళు టిమాటిక్ అనే డేటాబేస్‌లో ఏ దేశానికి ఏం కావాలో చూసుకుని మరీ బోర్డింగ్ పాస్ ఇస్తారు.

పోయినసారి మా బామ్మర్దిని కూడా వెంటబెట్టుకుని బెంగళూరు నుంచి బయల్దేరాను. కౌంటర్లో అమ్మాయి రిటర్న్ అడిగింది, ఫోన్‌లో చూపించాను. ఇంతకుముందైతే అంతటితో అయిపోయేది. ఈమె మాత్రం ఆ పీఎన్ఆర్‌ను టికెట్ మీదున్న విమాన సంస్థ వెబ్‌సైట్లో కొట్టింది. మా పేర్లున్నాయి, తేదీ ఉంది, టికెట్ నంబర్ ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. "సార్, ఇది రిజర్వేషనే. టికెట్ ఇష్యూ కాలేదు" అని స్క్రీన్ నా వైపు తిప్పింది. ఇష్యూ అయిన ఈ-టికెట్‌కు 13 అంకెల నంబరుంటుంది, మొదటి మూడూ విమాన సంస్థ కోడ్. డబ్బు కట్టకుండా పట్టిపెట్టిన సీటుకు పీఎన్ఆర్ ఒక్కటే వస్తుంది, గడువు దాటితే అదీ పోతుంది. సైట్ వాళ్ళు గొప్పగా రాసుకున్న "వెరిఫై చేసుకోదగిన టికెట్" ఇదన్నమాట. వాళ్ళ చాట్‌లో అడిగితే "మీ ప్రశ్న మాకు ముఖ్యం" అని ఒక మెసేజ్ వచ్చింది, అంతే.

"బావా, మనల్ని పోనిస్తారా లేదా?" అని బామ్మర్ది నా చొక్కా పట్టుకు లాగుతున్నాడు. కౌంటర్ మూసే టైం దగ్గర పడుతోంది. పక్కకు జరిగి, ట్రాలీ మీదనే ఫోన్ పెట్టి, కౌలాలంపూర్ నుంచి చెన్నైకి దొరికిన చవక సీట్లు రెండు కొన్నాను. ఓటీపీ పోయేది మా ఆవిడ ఫోన్‌కు. అర్ధరాత్రి లేపితే "దిగినారా?" అంది. "ఇంకా ఎక్కనే లేదు, ముందు నంబర్ చదువు" అన్నా. నిద్రమత్తులో రెండంకెలు తారుమారు చేసి చదివింది. టెన్షన్‌లో నేనూ అరిచేశాను.

ఆ డబ్బు దండగైందని ఏడ్చుకుంటూ ఇమిగ్రేషన్ దాకా పోతే, అక్కడ ఇంకో కథ. మా బామ్మర్ది పది పాస్ కాలేదు, పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది, అంటే కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ముందు మన ప్రభుత్వం అనుమతి కావాలని. పని కోసం కాకుండా ఊరికే చూడ్డానికి పోయినా, ఈసీఆర్ జాబితాలోని దేశాలకైతే మన అధికారులే రిటర్న్ టికెట్ అడగొచ్చు. కువైట్ మాదిరే మలేసియా కూడా ఆ జాబితాలో ఉంది. మావాణ్ణి అడిగారు. అప్పుడే కొన్న టికెట్ చూసి, ఎవరింటికి, ఎన్ని రోజులకు అని నాలుగు ప్రశ్నలేసి వదిలారు. అదే అద్దె టికెట్టై ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం కూడా నాకిష్టం లేదు. కౌలాలంపూర్‌లో మాత్రం వేలిముద్రలు తీసుకుని స్టాంపు కొట్టారు, రిటర్న్ ఊసే ఎత్తలేదు!

అలాగని సైట్ బొత్తిగా పనికిరాదని అనలేను. నేనొక్కణ్ణే పోయేటప్పుడు, తేదీ తేలనప్పుడు ఇంకా వాడతానేమో. కాకపోతే ఇంట్లోంచి బయల్దేరకముందే విమాన సంస్థ సైట్లో టికెట్ నంబర్ కనబడాలి. లేదంటే డబ్బు వెనక్కడిగి, సొంతంగా చవక టికెట్ కొనుక్కుంటా. ఆ టికెట్ విడిగానే కొంటా. రెండువైపులా కలిపి ఒకే బుకింగ్‌లో కొంటే, పోయే విమానం ఎక్కకపోతే తిరుగు సీటు కూడా రద్దయ్యే ప్రమాదముంది. రిఫండబుల్ టికెట్ ఇంకా నయం, కానీ డబ్బు తిరిగొచ్చేదాకా కార్డు బిల్లు కట్టగలగాలి, నాకది ప్రతి నెలా కుదరదు. బాలీకి పోయేవాళ్ళకూ దాదాపు ఇదే లెక్క. వీసా ఆన్ అరైవల్‌కు తిరుగు టికెట్ గానీ, ఇంకో దేశానికి పోయే టికెట్ గానీ ఉండాలి. వెంట పెద్దవాళ్ళో, ఈసీఆర్ పాస్‌పోర్టు వాళ్ళో ఉంటే మాత్రం ఈ అద్దె జోలికే పోవద్దంటాను. తేదీలు ముందే ఖాయమైనవాళ్ళకు ఈ సైట్‌తో అసలు పనే లేదు.