సాలిడ్ రివెటా, పాప్ రివెటా?

కావలి షెడ్డులో కిట్ విమానం (విడిభాగాలు తెచ్చి మనమే కట్టుకునేది) రెక్క మొదలుపెట్టే ముందు, రేకుల్ని కలిపి బిగించే రివెట్లు ఏవి వాడాలన్న దాని మీదే నేనూ బావా వాదించుకున్నాం. సాలిడ్ రివెట్‌కు చాలాచోట్ల ఇద్దరు కావాలి: ఒకరు రివెట్‌ను కొట్టే గన్ పట్టాలి, ఇంకొకరు వెనక బకింగ్ బార్ (బరువైన లోహపు దిమ్మ) ఆనించాలి. బార్‌కు నలిగి ఏర్పడే తల వెడల్పు రివెట్ మందానికి 1.5 రెట్లు, ఎత్తు రివెట్ మందంలో సగం రావాలి. బార్ కాస్త ఒరిగిందా, తల పక్కకు పోతుంది. అలాంటిదాన్ని డ్రిల్ చేసి తీసేటప్పుడు రంధ్రం పెద్దదవుతుందేమోనని ఒకటే టెన్షన్. కానీ కుదిరితే రంధ్రమంతా నిండి బిగుసుకుంటుంది.

పాప్ రివెట్‌ను ఒక్కరే, ఒకవైపు నుంచే, మధ్యలోని పుల్లను లాగి బిగించేయొచ్చు. ఆర్‌వీ-12 అనే రెండు సీట్ల కిట్ విమానాన్ని ఎక్కువగా వీటితోనే కడతారు. హార్డ్‌వేర్ షాపు సరుకు మాత్రం వద్దు, డ్రాయింగ్‌లో చెప్పినవే వాడాలి.

నా ఓటు సాలిడ్‌కే. ఏది కొట్టినా, మన ఉప్పుగాలికి ప్రైమర్ (తుప్పు పట్టకుండా వేసే పూత) మానొద్దు.