ఒక్క మంచి ప్రయోగమా, వందల అధ్యయనాల సగటా?

తరగతిలో ఒక్కో టీచర్‌కి ఎంతమంది పిల్లలుండాలి? ఈ ప్రశ్నకి రెండు రకాల ఆధారాలు దొరుకుతాయి.

మొదటిది అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో 1985లో మొదలైన స్టార్ ప్రయోగం. పిల్లల్నీ టీచర్లనీ లాటరీ తీసినట్టు తరగతులకు పంచారు. కొన్నింట్లో 13 నుంచి 17 మంది, మిగతావాటిలో 22 నుంచి 25 మంది. చిన్న తరగతుల పిల్లలు చదవడంలోనూ లెక్కల్లోనూ ముందున్నారు. పేద పిల్లలకు మరింత మేలు జరిగింది. మధ్యలో కొందరు తరగతి మారారు, కొందరు బడి వదిలి వెళ్లారు, నిజమే. అయినా తేడాకి కారణం తరగతి పరిమాణమేనని నమ్మకంగా చెప్పగలుగుతున్నామంటే అది ఆ లాటరీ చలవే.

రెండోది సగటు. జాన్ హ్యాటీ అనే విద్యా పరిశోధకుడు 2009లో, చదువుని ప్రభావితం చేసే రకరకాల అంశాల మీద వచ్చిన 800కు పైగా మెటా అనాలిసిస్‌లను (అంటే చాలా అధ్యయనాల ఫలితాల్ని కలిపి సగటు తీసినవి) ఒకచోట చేర్చి, తరగతి తగ్గించడం వల్ల ప్రభావం 0.21 అని లెక్కగట్టారు. పిల్లల మార్కుల్లో మామూలుగా ఉండే హెచ్చుతగ్గులతో పోల్చి తేడాని కొలిచే అంకె ఇది. ఒక పద్ధతి చెప్పుకోదగ్గదని అనడానికి ఆయన పెట్టుకున్న గీత 0.40. దాంతో ఇది దండగ ఖర్చని చాలామంది తేల్చేశారు. నాకు మింగుడుపడనిది ఇదే. పసిపిల్లలూ పెద్దపిల్లలూ, కొద్దిగా తగ్గించిన తరగతులూ బాగా తగ్గించినవీ అన్నీ ఆ ఒక్క అంకెలో కలిసిపోయాయి. పైగా పరిశోధకులు సొంతంగా తయారుచేసుకున్న పరీక్షల్లో ప్రభావం పెద్దదిగా కనిపించడం మామూలే.

అందుకే నేను ముందు ప్రయోగాన్నే చదువుతాను. సగటుని, ఆ ఫలితం మిగతావాటికి మరీ దూరంగా ఉందేమో చూసుకోవడానికి వాడతాను. ప్రయోగానికీ హద్దులున్నాయి: 1996లో కాలిఫోర్నియా రాష్ట్రమంతటా తరగతులు తగ్గించబోతే, పూర్తి అర్హత లేని టీచర్లను వేలల్లో పెట్టుకోవాల్సి వచ్చింది.